కంప బొగ్గు, చిప్ప బొగ్గు, చీనీ కట్టె: నాటుకోడి కాల్చడానికి ఏది ఎంత కలపాలి

నాటుకోళ్లు, పొట్టేళ్లు పెంచి తోట దగ్గరే కాల్చి అమ్ముదామనుకునే వాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. శని, ఆదివారాల్లో టౌన్ నుంచి కార్లలో వచ్చి తిని పోయేవాళ్లు ఉన్నారు, ఆర్డర్ మీద తీసుకుపోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లందరూ అడిగేది మసాలా గురించే. బొగ్గు గురించి అడిగేవాళ్లు తక్కువ. నా లెక్క ప్రకారం కాల్చిన కోడి రుచిలో సగం బొగ్గుదే. ఖర్చులో కూడా కోడి తర్వాత పెద్ద ఖర్చు అదే. అందుకే ఈ వీడియో మొత్తం బొగ్గు మీద పెట్టాను. వీడియోలో చేతులు చూపించగలను గానీ, ఎందుకు అలా చేస్తున్నానో చెప్పడానికి టైం చాలలేదు. అది ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట. ఆరు నెలలు యాంటీబయాటిక్ ముట్టకుండా, జొన్న, సజ్జ, అజొల్లా పెట్టి పెంచిన కోడిని తీసుకొచ్చి కిరోసిన్ పోసి రాజేసిన నిప్పుల మీద పెడితే, ఇన్నాళ్లు మనం పడ్డ కష్టానికి అర్థం లేదు. మన దగ్గరికి వచ్చేవాడు ‘మందు లేదు’ అన్న ఒక్క మాటకి మామూలు కోడికంటే ఎక్కువ డబ్బు ఇస్తున్నాడు. ఆ మాట పొయ్యి దాకా నిలబడాలి.

మా ఊళ్లో కంప, వాళ్ల దేశంలో మెస్కీట్

సర్కారు తుమ్మ, సీమ తుమ్మ, కంప చెట్టు, ఏ పేరుతో పిలిచినా ఒకటే చెట్టు. శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా. మన దేశంలోకి దీన్ని మొదట తెచ్చి వేసింది మా కడప జిల్లా కమలాపురంలోనే, 1877లో. కట్టెల కోసమని జమైకా నుంచి గింజలు తెప్పించారు. ఇప్పుడు చెరువు కట్ట, వంక గట్టు, బీడు భూమి, ఎక్కడ చూసినా అదే. చేలోకి వస్తే రైతు తిట్టని రోజు ఉండదు.

అమెరికాలో టెక్సస్ వైపు మాంసం కాల్చేవాళ్లు గొప్పగా చెప్పుకునే మెస్కీట్ దీనికి దగ్గరి బంధువే. అదీ ప్రోసోపిస్ జాతే, వేరే రకం. అక్కడ దాని బొగ్గుని ప్యాకెట్లు కట్టి అమ్ముతారు. మనం గట్ల మీద కొట్టి తగలబెడుతున్నాం. రామనాథపురం, విరుదునగర్ వైపు తమిళ రైతులు మాత్రం దీని బొగ్గు మీదే ఏళ్లుగా బతుకుతున్నారు. వాన సరిగా పడని చేలల్లో కంపనే పంటలాగా కొట్టి కాలుస్తారు.

కంప బొగ్గు గుణం ఏమిటంటే, బరువు ఉంటుంది, వేడి గట్టిగా ఇస్తుంది, త్వరగా అంటుకుంటుంది. చెడ్డ గుణం ఒకటుంది. చిటపటలాడుతుంది. ముక్కలో చిక్కుకున్న తేమ, గాలి వేడికి ఉబ్బి పగులుతుంది, నిప్పురవ్వలు ఎగురుతాయి. గడ్డివాము పక్కన గ్రిల్ పెట్టుకున్నవాళ్లు జాగ్రత్త. చిన్నపిల్లలు చుట్టూ తిరిగే చోటైతే ఇంకా జాగ్రత్త.

ఇంకొకటి చాలామంది అడుగుతారు, ‘కంప బొగ్గుతో కాలిస్తే కంప వాసన వస్తుందా’ అని. బాగా కాలిన బొగ్గుకి చెట్టు వాసన దాదాపు ఉండదు. వాసన ఇచ్చేది కట్టె. కట్టెలోని లిగ్నిన్ వేడికి విరిగినప్పుడు గ్వయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు పుడతాయి. పొగ రుచి అంటే ఎక్కువ భాగం అవే. బొగ్గు చేసేటప్పుడు అవన్నీ బట్టీలోనే పొగై పోతాయి. మిగిలేది కార్బన్. బొగ్గు మీద కాల్చినప్పుడు వచ్చే ఆ ఘుమఘుమ, కోడి కొవ్వు, మసాలా నిప్పు మీద పడి వచ్చేది. కాబట్టి బొగ్గుని వేడి కోసం ఎంచుకోవాలి, పొగ కోసం కట్టె ముక్క విడిగా ఎంచుకోవాలి. ఈ రెండూ విడదీసి చూస్తే సగం గందరగోళం పోతుంది.

బొగ్గు మోగాలి

మా దగ్గర బట్టీ పెట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. చదువు లేదు, కానీ బస్తా తెరవకుండా చెప్తాడు. రెండు ముక్కలు తీసుకుని ఒకదానికొకటి తగిలిస్తాడు. ‘మోగల్ల నాయనా. మోగకపోతే అది బొగ్గు కాదు, మాడిన కట్టె’ అంటాడు. నేను డిప్లొమాలో చదివింది, ఆయన చెప్పింది ఒకటే. జపాన్‌లో వకయామా వైపు చేసే బించోటాన్ అనే తెల్లబొగ్గు ఇనుప కడ్డీలాగా మోగుతుందని పేరు. దాన్ని ఉబామె అనే ఓక్ చెట్టు నుంచి చేస్తారు. చివర్లో బట్టీలోకి గాలి వదిలి వేడి 1000 డిగ్రీల దాకా లేపి, బయటికి లాగి మట్టి, బూడిద కప్పి చల్లారుస్తారు. మన కంప బొగ్గు ఆ స్థాయికి పోదు. కానీ పరీక్ష మాత్రం అదే.

ముక్క విరిచి చూడండి. లోపల కూడా నల్లగా, మెరుస్తూ ఉండాలి. మధ్యలో గోధుమ రంగు చార కనిపిస్తే సగం కాలిన బొగ్గు. అది గ్రిల్‌లో మళ్లీ పొగ వదులుతుంది. ఆ పొగ చేదు. ఇస్త్రీ పెట్టెకి అది సరిపోతుంది, మాంసానికి పనికిరాదు. చేతికి అంటే మసి కూడా ఒక గుర్తే. బాగా కాలిన గట్టి బొగ్గు చేతిని తక్కువ నల్లగా చేస్తుంది.

తేమ సంగతి. కొందరు వ్యాపారులు బరువు కోసం నీళ్లు చల్లుతారు. నేను కొన్న ఒక చోట 25 కేజీల బస్తా ఎండలో రెండు రోజులు పెట్టి తూచితే 22 కేజీలకు కొంచెం పైన వచ్చింది. అందులో జల్లెడ పడితే మూడు కేజీలు నుసి, గులకరాళ్లు. అంటే 25కి డబ్బు ఇచ్చి 19తో పొయ్యి వెలిగించాను. అప్పటినుంచి కేజీ రేటు నేను అడగను. ఎండబెట్టి, జల్లించి, మిగిలిన ముక్కకి కేజీ ఎంత పడింది అని లెక్క వేస్తాను. మీరూ ఒక బస్తాకి అలా వేసి చూడండి, ఖరీదు అనుకున్న బొగ్గు చవకగా తేలొచ్చు.

కొబ్బరి చిప్ప బొగ్గు

కోనసీమ నుంచి చిప్ప బొగ్గు మా వైపు వస్తోంది. దాని ధర మన చేతిలో లేదు. యాక్టివేటెడ్ కార్బన్ ఫ్యాక్టరీలు కొంటాయి కాబట్టి వాళ్లు ఎగబడితే రేటు పైకి పోతుంది. కానీ బొగ్గుల్లో ఇది శుభ్రమైనది. గట్టిది, బూడిద తక్కువ, చిటపట లేదు, పొగ లేదు.

చిప్పని చిప్పగానే వేస్తే ఒక ఇబ్బంది ఉంది. పలుచటి ముక్కలు ఒకదాని మీద ఒకటి పలకల్లాగా పడుకుంటాయి. గాలి ఆడదు. పైన నిప్పు, కింద నల్లగా. అందుకే నేను చిప్ప బొగ్గుని పొడి చేసి, కర్రపెండలం పిండి గంజితో కలిపి బిళ్లలుగా చేసినవే వాడతాను. వాటినే బ్రికెట్లు అంటున్నారు. బిళ్ల వల్ల లాభం ఒకటే సైజు, ఒకటే మంట. మూడు గంటలు పొయ్యి జోలికి పోనవసరం లేదు. నష్టం ఏమిటంటే అంటుకోవడానికి బద్ధకం, గంజి వల్ల బూడిద కొంచెం ఎక్కువ.

బ్రికెట్ కొత్త సంగతి కాదు. 1920లలో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ కార్ల బాడీలకు కోసిన చెక్కలో మిగిలిన ముక్కలు, రంపపు పొట్టు వృథా పోకుండా మిషిగన్‌లో బొగ్గు బిళ్లలు చేయించాడు. చెత్త నుంచి పుట్టిన సరుకు అది. మన దగ్గర చిప్పలు, చీనీ కొమ్మలు, కంది కట్టె ఉన్నాయి కాబట్టి ఆ దారి మనకీ ఉంది. కానీ బజారులో కొనే బిళ్లలన్నీ ఒకటి కాదు. కొన్నిటిలో రాతిబొగ్గు, సున్నపురాయి పొడి, త్వరగా అంటుకోవడానికి నైట్రేట్ కలుపుతారు. ప్యాకెట్ మీద ఏమి కలిపారో రాయకపోతే నేను కొనను. ముందే ద్రావకం పట్టించి ‘అగ్గిపుల్ల గీస్తే చాలు’ అని అమ్మేవి అసలే వద్దు.

ఇక కలపడం

మూడు పనులు గుర్తుపెట్టుకోండి. ఒక బొగ్గు నిప్పు అందుకోవాలి, ఒకటి వేడి కొట్టాలి, ఒకటి నిలబడాలి. ఒకే బొగ్గు మూడూ చేయదు, చేసినా ఖర్చు ఎక్కువ పడుతుంది.

అందుకోవడానికి మామిడి, సుబాబుల్ లాంటి తేలిక బొగ్గు. వేడికి కంప, లేదా దొరికితే చింత బొగ్గు. చింత బొగ్గు కంపకంటే నిదానంగా, సమంగా కాలుతుంది, రవ్వలు తక్కువ. కాకపోతే బొగ్గు కోసం చింతచెట్టు కొట్టమని నేను చెప్పను, గాలివానకి పడిపోయిన చెట్టు బొగ్గు దొరికితే తీసుకోండి. నిలబడడానికి చిప్ప బిళ్లలు.

చేప, చీకులు, మొక్కజొన్న కంకులు, వంకాయ లాంటివి పావుగంట పని. వీటికి బిళ్లలు దండగ. నూటికి 80 పాళ్లు కంప, 20 పాళ్లు తేలిక బొగ్గు. నిప్పు మీద నివురు తెల్లగా పట్టేదాకా ఆగి అప్పుడు ఊచలు పెట్టాలి.

నాటుకోడి వేరే కథ. బ్రాయిలర్ అయితే 40 రోజుల పిల్ల, ముప్పావుగంటలో ఉడుకుతుంది. మన కోడి ఐదారు నెలలు తిరిగిన కోడి. కండ గట్టి. గట్టి మంట మీద పెడితే పైన మాడుతుంది, లోపల రబ్బరు. ఏ కోడి అయినా తొడ లోపల 74 డిగ్రీలు దాటితే తినడానికి భద్రం. కానీ నాటుకోడి మెత్తబడాలంటే 85 దాటి కాసేపు అక్కడే ఉండాలి. కాబట్టి నేను రెండు దశలు చేస్తాను. మొదట రెండు గంటలు మూత పెట్టి, నిప్పు ఒక పక్కన, కోడి ఇంకో పక్కన. గ్రిల్ లోపల 120, 130 డిగ్రీల మధ్య. చివరి పది నిమిషాలు నేరుగా నిప్పు మీద, తోలు కరకరలాడే దాకా.

దీనికి నా పాళ్లు: ఒకటిన్నర కేజీల కోళ్లు రెండింటికి మొత్తం రెండు కేజీల బొగ్గు. అందులో ఒక కేజీ చిప్ప బిళ్లలు, 700 గ్రాములు కంప, 300 గ్రాములు మామిడి బొగ్గు. రేకు గొట్టంలో కింద మామిడి, మధ్యలో కంపలో సగం, పైన బిళ్లలు గుప్పెడు. గొట్టం అడుగున ఎండు కొబ్బరి పీచు లేదా పిడక ముక్క పెట్టి అంటిస్తే కిరోసిన్ అవసరమే లేదు. కంప చిటపటలు కూడా గొట్టంలోనే అయిపోతాయి, కోడి దగ్గరికి రవ్వలు రావు. పావుగంటలో పైన బిళ్లకి నివురు కనిపిస్తుంది. అప్పుడు గ్రిల్‌లో ఒక పక్కన అంటించని బిళ్లలు పరిచి, వాటిమీద ఈ నిప్పులు పోయాలి. నిప్పు పైనుంచి కిందికి, ఒక్కో బిళ్లనే అందుకుంటూ పోతుంది. అమెరికాలో దీన్ని మినియన్ పద్ధతి అంటారు, జిమ్ మినియన్ అనే ఆయన పేరు మీద. మిగిలిన సగం కంప చివరి పది నిమిషాల కోసం దాచుకోవాలి. కోడి తీసే ఇరవై నిమిషాల ముందు దాన్ని గొట్టంలో అంటించుకుంటే సరిపోతుంది.

ఇక్కడ ఒక షరతు. అంటించని బొగ్గు నిదానంగా అంటుకునే పద్ధతిలో సగం కాలిన బొగ్గు పనికిరాదు. అది అంటుకున్న ప్రతిసారీ చేదు పొగ వదులుతుంది, మూత కింద కోడి దాన్ని రెండు గంటలు పీలుస్తుంది. పెద్దాయన చెప్పిన మోత పరీక్ష అసలు పనికొచ్చేది ఇక్కడే.

పొట్టేలు తొడకి ఐదారు గంటలు పడుతుంది. బిళ్లలే 80 పాళ్లు. మిగతాది నిప్పు అందించడానికి మాత్రమే.

పొగ కట్టె: తోట చూసి ఎంచుకోండి

మా వైపు చీనీ తోటలు ఎక్కువ. కత్తిరింపుల తర్వాత కొమ్మలు కుప్పలు పడతాయి. చీనీ, నిమ్మ కట్టె పొగ మెత్తగా ఉంటుంది, కోడికి, చేపకి నప్పుతుంది. జామ కొంచెం తియ్యదనం. మామిడి ఒక మెట్టు ఘాటు, పొట్టేలుకి బాగుంటుంది. సపోటా కూడా మంచిదే. బొటనవేలంత లావు, జానెడు పొడవు ముక్కలు మూడు చాలు రెండు కోళ్లకి. ఎక్కువ వేస్తే గొంతు పట్టుకుంటుంది.

ఆరు నెలలైనా నీడలో ఆరాలి. నీళ్లల్లో నానబెట్టమని చాలా వీడియోల్లో చెప్తారు. నానబెడితే ముందు ఆ నీళ్లు ఆవిరై పోవాలి, అప్పటిదాకా వచ్చేది పొగ కాదు, ఆవిరి. నిప్పు వేడి కూడా తగ్గుతుంది. పలుచగా నీలంగా వచ్చే పొగ మంచి పొగ. తెల్లగా దట్టంగా వస్తుంటే గాలి సరిపోవడం లేదని. మూత మీది రంధ్రం తెరవండి.

ఇప్పుడు అసలు విషయం. చీనీ తోటల్లో మొదళ్లకి బోర్డో పేస్టు పూస్తారు. అది మైలుతుత్తం, సున్నం. అది సేంద్రియ పద్ధతుల్లో కూడా అనుమతి ఉన్నదే, కాబట్టి ‘మాది ఆర్గానిక్ తోట’ అన్నంత మాత్రాన కట్టె శుభ్రం అని కాదు. పేస్టు పడిన మొదలు, కొమ్మ పొగకి వాడకూడదు. పక్క రైతు తోట కొమ్మలు ఉచితంగా ఇస్తానన్నా, ఆ సీజన్‌లో ఏం కొట్టాడో అడగండి. నేను మా తోటలో పైకొమ్మలే తీసి, ఆ కట్టలకి వేరే రంగు తాడు కట్టి పెడతాను.

గన్నేరు, జిల్లేడు, పాలు కారే చెట్లు ఏవీ ముట్టొద్దు. గన్నేరు పుల్ల ఊచగా కూడా వద్దు. జీడి తొక్కలు, నల్లజీడి కట్టె వద్దు, వాటి నూనె పొగకే ఒళ్లు పొక్కుతుంది. వేప చేదు. నీలగిరి నూనె వాసన మాంసమంతా పట్టేస్తుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్యాకింగ్ పెట్టెల చెక్క గురించి చెప్పనవసరం లేదనుకుంటా, కానీ ఒక పెళ్లిలో చూశాను కాబట్టి చెప్తున్నా.

కొవ్వు నేరుగా నిప్పు మీద పడి లేచే నల్ల పొగలో బెంజోపైరీన్ లాంటివి ఉంటాయి, క్యాన్సర్ కారకం. యూరప్‌లో పొగబెట్టిన మాంసంలో దీనికి కేజీకి 2 మైక్రోగ్రాముల పరిమితి పెట్టారు. కోడి కింద నీళ్లు పోసిన పళ్లెం పెడితే కొవ్వు అందులో పడుతుంది. మాడిన తోలు ముక్క కత్తిరించి పారేయండి, కస్టమర్ ముందే.

పొగ కనపడకపోతే ప్రమాదం లేదనుకోవద్దు

మంచి బొగ్గు పొగ రాదు కాబట్టి వానొస్తే గ్రిల్‌ని రేకుల గదిలోకి జరుపుతారు. చలికాలం రాత్రి మిగిలిన నిప్పులు కుంపట్లో పోసుకుని గది తలుపు వేసుకుని పడుకుంటారు. నిప్పులున్నంతసేపు కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత వచ్చాయంటే అప్పటికే ఆలస్యం. మనం పనికి పెట్టుకున్న పిల్లలకి ఇది తెలియదు. మా షెడ్డుకి మూడు వైపులా గోడ కట్టలేదు. కట్టమని అడిగినా కట్టను. రాత్రి మిగిలిన నిప్పుని మూత ఉన్న డ్రమ్ములో పోసి గాలి రాకుండా మూసేస్తాం. మర్నాటికి అదే బొగ్గు మళ్లీ పనికొస్తుంది.

సొంత బొగ్గు, మిగిలిన నుసి

200 లీటర్ల డ్రమ్ముతో బొగ్గు చేయడం ఇంతకుముందు వీడియోలో చూపించాను. గుంటలో మట్టి కప్పి కాలిస్తే 100 కేజీల ఆరిన కట్టెకి 15 నుంచి 20 కేజీల బొగ్గు. డ్రమ్ములో జాగ్రత్తగా చేస్తే 25 దాకా వస్తుంది. కొట్టడం, రవాణా ముందు మీ అటవీ సెక్షన్ ఆఫీసులో ఒకసారి అడగండి. కంప అయినా సరే, దారిలో బండి ఆపితే చూపించడానికి కాగితం ఉండాలి.

జల్లెడ కింద మిగిలిన నుసి పారేయొద్దు. దాన్ని జీవామృతంలో రెండు మూడు వారాలు నానబెట్టి, పశువుల ఎరువుతో కలిపి చెట్ల పాదుల్లో వేయండి. పచ్చి నుసి నేరుగా వేస్తే మొదట్లో నేలలోని పోషకాలని అదే పట్టుకుంటుంది. గ్రిల్ అడుగు నుంచి వచ్చినది మాత్రం వేరు. అందులో ఉప్పు, కొవ్వు ఉంటాయి. కుక్కలు, ఎలుకలు పాదులు తవ్వేస్తాయి.

బూడిద ఇంకా వేరు. అది క్షారం. జీవామృతం డ్రమ్ములో బూడిద వేస్తే మూత్రంలోని నత్రజని అమ్మోనియా అయి గాలిలో కలుస్తుంది, వాసన చూస్తేనే తెలుస్తుంది. ఉదజని సూచిక 8 దాటిన నల్లరేగడిలో కూడా వేయొద్దు. మా ఎర్ర నేలలో ఏడాదికి ఒకసారి, చెట్టుకి రెండు గుప్పిళ్లు. మిగతా బూడిద వంగ, బెండ ఆకుల మీద పేనుబంకకి పొద్దున్నే మంచు తడి ఉండగా చల్లుతాం. దానికి కంప బొగ్గు బూడిద, మేం చేసిన చిప్ప బిళ్లల బూడిద మాత్రమే తీస్తాం. కొన్న బిళ్లల బూడిద రోడ్డు గుంటల్లో పోస్తాం.